మూడు మిల్లీమీటర్లు

మార్చి 4

షాపు తలుపు అద్దం మీద ఈ ఉదయం ఒక కాగితం అంటించి ఉంది. "కళ్ళద్దాల కొలతలు తీయడానికి మనిషి కావలెను. కచ్చితత్వం, వచ్చినవారితో ఓపికగా మాట్లాడే స్వభావం ఉండాలి."

ఆ షాపులో కొలతలు తీసే కుర్చీ ఒక్కటే. దాంట్లో నలభై మూడేళ్లుగా నేను కూర్చుంటున్నాను. నేను లోపలికి వచ్చే తలుపు మీదే నా కుర్చీకి మనిషిని పిలుస్తున్నారు. నా సంతాప సభకు ఆహ్వానపత్రిక నా చేతికే ఇచ్చినట్టుంది.

యజమానిని అడిగాను. వాళ్ళ నాన్న షాపు తెరిచేనాటికి ఇతను పుట్టనే లేదు. నన్ను బాబాయ్ అంటాడు, చాలా తీయగా.

"మీకు సాయంగా ఉంటారని, బాబాయ్."

"నాకు సాయం కావాలని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. ఈమధ్య నలుగురు అద్దాలు వెనక్కి తెచ్చారు కదా. కళ్ళు లాగుతున్నాయట, తలనొప్పట. వయసు కూడా చూసుకోవాలి కదా మనం."

మనం! అతనికి ముప్ఫై ఆరు.

ఇంటికి వచ్చి చెల్లెలికి చెప్పాను. బావ పోయిన దగ్గర్నుంచి నాతోనే ఉంటోంది. ముప్ఫై ఏళ్లు లెక్కల టీచరు. ఓదారుస్తుందనుకున్నాను.

"కచ్చితత్వం సరే. ఆ రెండోదాని సంగతేమిటి అన్నయ్యా? నువ్వు అప్లికేషన్ పెట్టినా రాదు ఆ ఉద్యోగం."

మార్చి 5

కాగితం అక్కడే ఉంది. ఎవరో చదువుతూ వేలి ముద్ర వేసి పోయారు.

మార్చి 7

వెనక్కి తెచ్చిన నలుగురిలో ఒకడు ఈ రోజు మళ్ళీ వచ్చాడు. దూరపు బస్సు డ్రైవరు. ఫిబ్రవరిలో కొత్త అద్దాలు చేయించుకున్నాడు.

"రోడ్డు లోపలికి ముడుచుకున్నట్టుంటోంది సార్. మలుపులో గోడ ఎంత దూరమో తెలియట్లేదు."

నేను మాటలు నమ్మను, కొలతను నమ్ముతాను. అతని అద్దాలు పరీక్ష యంత్రం మీద పెట్టి, రెండింటికీ నడిమధ్య చుక్కలు గుర్తుపెట్టి, మధ్య దూరం చూశాను. అరవై రెండు. అతని కొలత రాసిన నా కార్డు తీశాను. అరవై రెండు. వెంట్రుకవాసి తేడా లేదు.

"అద్దాలు సరిగ్గానే ఉన్నాయి. అలవాటవుతుంది. ఒక పదిహేను రోజులు పెట్టుకోండి."

"నా కళ్ళు అలవాటు పడాలా సార్, మీ అద్దాలు పడాలా?"

వెనక బల్ల దగ్గర ఎవరో నవ్వారు. షాపులో నా వెనక నన్ను మిల్లీమీటరు అంటారు. నాకు తెలియదనుకుంటారు.

ఇక్కడ ఒక సంగతి రాసి పెట్టుకుంటాను, రేపు ఎవడైనా అడిగితే నాకే గుర్తుండాలి. కళ్ళజోడు అంటే పవరు ఒక్కటే కాదు. అద్దం నడిబొడ్డు సరిగ్గా కంటిపాప ఎదుట ఉండాలి. అందుకే ప్రతి మనిషికీ రెండు కంటిపాపల మధ్య దూరం కొలుస్తాం. ఎదురుగా కూర్చుని, వచ్చినవాళ్ళ ముక్కు మీద స్కేలు ఆనించి, ముందు నా ఎడమ కంటితో వాళ్ళ కుడి కంటిపాపకు సున్నా కలపాలి. తర్వాత ఎడమ కన్ను మూసి కుడి కన్ను తెరిచి, రెండో పాప దగ్గర అంకె చదవాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఇలాగే చేయాలి. నేను కన్ను మార్చడం మానేసి ఏడాదిన్నర అయింది. చేయి తిరిగినవాడికి ఒక కన్ను చాలు.

నలభై మూడేళ్ల నా కార్డుల్లో ఒక్క కొట్టివేత లేదు.

మార్చి 9

దొంగ దొరికాడు.

వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేములో బిగించే మేస్త్రి. ఇరవై రెండేళ్లుగా ఉన్నాడు. మేమిద్దరం మాట్లాడుకుని పదకొండేళ్లు. నేను కార్డు మీద రాస్తాను, కిటికీలోంచి తోస్తాను, అతను చేసి తోస్తాడు. దీనికి కారణం, ఒక రోజు కౌంటరు దాకా వచ్చి, నా ఎదుటి కుర్చీలో ఒక జడ్జిగారు కూర్చుని ఉండగా, "ఈ కార్డులో కుడి ఎడమలు తారుమారు అయ్యాయి గురువుగారూ" అన్నాడు. ఆ రోజు నాదే ఒప్పు. పదిమందిలో మాట అనిపించుకున్నాను, ఊరుకున్నాను.

ఈ రోజు అతను భోజనానికి వెళ్ళినప్పుడు, ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న తొమ్మిది జతలు తీసి పరీక్షించాను. ఆరు జతలు నా కార్డుతో కలవలేదు. ఆరింటికీ మూడేసి మిల్లీమీటర్లు ఎక్కువ! కార్డు మీద అరవై ఉంటే అద్దంలో అరవై మూడు. మిగిలిన మూడూ దగ్గర చదువుకోవడానికి వాడేవి, అవి మాత్రం కార్డు ప్రకారమే ఉన్నాయి. వాటినెందుకు వదిలేశాడో.

ఇన్నాళ్ళూ నేను రాసిన అంకె ఒకటి, అతను చేసింది ఒకటి.

ఫిర్యాదు వచ్చిన నాలుగు జతలూ ఫిబ్రవరిలో చేసినవి. మేస్త్రి కూతురి కాన్పని వారం రోజులు సెలవులో ఉంటే బయటి వర్క్‌షాపులో చేయించాం. అవి నా కార్డు ప్రకారమే ఉన్నాయి. ఆ వారం వచ్చినవాళ్ళంతా ఎందుకో అతి సున్నితపు మనుషులు. కాకతాళీయం.

మార్చి 10

యజమాని అడగకుండానే రెండు పేజీల నివేదిక రాసిచ్చాను. మంచి వాక్యాలు పడ్డాయి. "ఇంతకాలం షాపు పరువు ఎవరి చేతిలో ఉందో గమనించగలరు" అన్నది ముగింపు.

వెనక గదిలో ముగ్గురం నిలబడ్డాం. యజమాని నివేదిక పట్టుకుని అడిగాడు.

"కార్డు ప్రకారం చేయలేదా మేస్త్రీ?"

"చేయలేదు."

"ఎందుకు?"

మేస్త్రి ఏప్రన్‌కు చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత పదకొండేళ్లలో మొదటిసారి నావైపు తిరిగాడు.

"చెప్పమంటారా గురువుగారూ?"

"చెప్పడానికేముంది? చేసింది ఒప్పుకున్నావుగా."

"సరే అయితే" అన్నాడు. తన సొంత పట్టకారు, చిన్న సానరాయి గుడ్డలో చుట్టుకున్నాడు. ఏప్రన్ మడిచి బల్ల మీద పెట్టాడు. అన్ని మడతలు దేనికో, దాన్నేమీ బీరువాలో పెట్టడం లేదు కదా.

బాధ పడలేదు నేను.

మార్చి 11

తలుపు మీద కాగితం తీసేశారు. నాలుగు మూలలా టేపు జిగురు మిగిలింది. గోటితో గీరాను, పోలేదు.

మార్చి 19

పని మొత్తం బయటి వర్క్‌షాపుకే వెళుతోంది. వాళ్ళు కార్డును అక్షరం పొల్లుపోకుండా పాటిస్తారని నేనే చెప్పి ఒప్పించాను.

ఈ వారం ఏడుగురు వెనక్కి తెచ్చారు.

ఏడు జతలూ పరీక్షించాను. కార్డు ప్రకారమే ఉంది. కార్డు ప్రకారమే ఉంది. కార్డు ప్రకారమే ఉంది. ఏడుసార్లు రాయడం దండగ.

"బాబాయ్, అన్నీ సరిగ్గా ఉంటే వీళ్ళకు తలనొప్పి ఎందుకొస్తోంది?" అన్నాడు యజమాని.

"మనుషులు ఫోన్లు చూసి చూసి కళ్ళు పాడుచేసుకుంటున్నారు."

"ఆ పెద్దావిడ దగ్గర ఫోనే లేదు బాబాయ్."

మార్చి 22

ఎప్పుడూ ఇంటికి ఆరింటికి వస్తాను, ఈ రోజు మూడింటికే వచ్చాను. చెల్లెలు వరండాలో కుర్చీ వేసుకుని వీధి చూస్తోంది. కళ్ళకు పాత జోడు. ఒక కాడ విరిగితే దారం చుట్టింది. నన్ను చూడగానే గబుక్కున తీసి ఒళ్ళో చీర కింద దాచింది. డెబ్భై దగ్గర పడుతున్న మనిషి, బళ్ళో చీటీ దాచినట్టు.

పది రోజుల కిందటే దానికి కొత్త జోడు చేయించాను. నేనే కొలిచాను. నా ఎదుట రోజూ పెట్టుకుంటోంది, బాగుందా అంటే బాగుందంది.

"ఏమిటది?"

"ఏమీ లేదు. పాతది పారేద్దామని తీశా."

"పారేసేదాన్ని ముఖానికి పెట్టుకుంటారా?"

"అబ్బ, పోనీలే అన్నయ్యా. కొత్తదాంతో మెట్లు దిగితే రెండో మెట్టు మొదటి మెట్టులా ఉంటోంది. నీకు చెప్తే నీ ముఖం చూడలేను. నువ్వు వచ్చే వేళకు మార్చుకుంటే సరిపోయె."

"చెబితే ఏమయ్యేది?"

"అలవాటవుతుంది అనేవాడివి."

రెండు జోళ్లూ తీసుకుని గదిలోకి వచ్చి స్కేలుతో కొలిచాను. పాతదానికి అరవై ఒకటి. అయిదేళ్ల కింద నేనే కొలిచాను. కొత్తదానికి యాభై ఎనిమిది. అదీ నేనే. వయసు మళ్ళితే మనిషి ఎత్తు తగ్గుతుంది, చూపు తగ్గుతుంది, వినికిడి తగ్గుతుంది. కళ్ళ మధ్య దూరం తగ్గదు.

మూడు.

మార్చి 23

నా కుడి కన్ను బాగానే ఉంది.

మార్చి 24

బాగా లేదు.

ఎడమ కన్ను అరచేత్తో మూసి గోడ మీది క్యాలెండరు చూశాను. నడిమధ్య బూడిద రంగు మరక. చుట్టూ కాగితం కనబడుతుంది, అంకెలు కనబడవు. నడిచి దగ్గరికి వెళితే మరక కూడా నడిచి వచ్చింది.

ఈ మరకను ఈ రోజే చూశానని రాద్దామనుకున్నాను. ఏడాదిన్నరగా ఉంది. కన్ను మార్చడం మానేసింది చేయి తిరిగి కాదు.

మార్చి 25

వెళ్ళలేదు. జ్వరం అని కబురు పెట్టాను. జ్వరం లేదు.

బీరువాలోంచి ఆత్మకథలు తీసి కూర్చున్నాను. పదహారు ఉన్నాయి నా దగ్గర. అన్నింటిలోనూ తప్పులున్నాయి. నౌకర్లవీ, భార్యలవీ, ప్రభుత్వాలవీ. రాసినవాళ్ళవి మాత్రం "ఆవేశాలు". ఇదివరకు చదివినప్పుడు ఇది నాకు తట్టలేదు. మార్చి 10 నాటి పేజీ తిరగేసి, మూసేశాను.

ఒకే కంటితో చూస్తే ఏమవుతుందో నాకు తెలియదా? నేర్చుకునేవాళ్ళకు మొదటి రోజున నేనే చెప్పే పాఠం అది. వచ్చిన మనిషి రెండు కళ్ళూ కొలిచేవాడి ఆ ఒక్క కంటి వైపే మళ్ళుతాయి. పాపలు ముక్కు వైపు జరుగుతాయి. పుస్తకం చూసేటప్పటి దూరం వస్తుంది. రోడ్డు చూసేటప్పటి దూరం రాదు, మూడు తగ్గుతుంది. దగ్గర చదివే అద్దాలకు ఇబ్బంది లేదు. ఆ మూడు జతలనూ మేస్త్రి ఎందుకు వదిలేశాడో ఇప్పుడు తెలిసింది.

అతనికి తెలుసు.

మార్చి 27

షాపుకు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానా అనిపించింది. డ్రైవరు వచ్చాడు. యూనిఫాం లేదు.

"డిపో గేటు స్తంభానికి రాసుకుంది సార్, బస్సు. పక్కంతా గీసుకుపోయింది. లోపల నలభై మంది. ఎవరికీ ఏమీ కాలేదు. విచారణ అయ్యేదాకా డ్యూటీ ఎక్కనివ్వరు."

నేను కార్డు తీశాను. ఎందుకు తీశానో. చేతికి అదే తెలుసు.

"మీరు అలవాటవుతుందన్నారు కదా. పదిహేను రోజులు పెట్టుకున్నాను. ఒక్క రోజు కూడా తీయలేదు."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టినవాళ్ళకు నేను జవాబు చెప్పగలను. అతను నేను చెప్పినట్టు విన్న మనిషి.

"రేపు రండి" అన్నాను.

"రేపు ఏముంది?"

ఏముందో అప్పటికి నాకూ తెలియదు.

మార్చి 28

మేస్త్రి ఇల్లు నేనెప్పుడూ చూడలేదు. ఇరవై రెండేళ్లు. బట్టల ఇస్త్రీ దుకాణం పైన రెండు గదులు, మెట్లు నిటారుగా ఉన్నాయి. కూతురు పసిబిడ్డను భుజాన వేసుకుని తలుపు తీసింది. నన్ను చూసి లోపలికి, "నాన్నా, మిల్లీమీటరు గారొచ్చారు" అంది. నాలుక కరుచుకుంది.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. అలవాటు. కిటికీ అద్దాలు కోసే దుకాణంలో చేరాడట.

"హాయిగా ఉంది గురువుగారూ. కిటికీలకు తలనొప్పి రాదు. కూర్చోండి."

కూర్చోలేదు. "ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"ఏడాదిన్నర కిందటి నుంచి. ఒక పాత కస్టమరు కార్డు వచ్చింది, అరవై ఒకటి అని. అతనికి మూడేళ్ల కింద మీరే అరవై నాలుగు రాశారు. పొరపాటేమో అనుకున్నా. తర్వాత ఇంకొకరికి. నాలుగోదానికి అర్థమైంది. అందరికీ మూడే తగ్గుతోంది. అప్పటినుంచి దూరం చూసే అద్దాలన్నిటికీ మూడు కలుపుకుని చేస్తున్నా."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

నవ్వాడు. ఎగతాళి లేదు ఆ నవ్వులో, అదే నాకు కష్టంగా ఉంది.

"ఒకసారి చెప్పానుగా. జడ్జిగారి రోజు. పదకొండేళ్లు మాట్లాడలేదు మీరు. ఇంకోసారి చెబితే నేను రిటైరైపోయేవాణ్ణి ఆ లెక్కకి."

బిడ్డ ఏడ్చింది. కూతురు లోపలికి తీసుకెళ్ళింది.

"మరి యజమాని అడిగినప్పుడైనా?"

"చెప్పమంటారా అని మిమ్మల్నే అడిగాను కదండీ. మీరు చెప్పడానికేముంది అన్నారు. మీకు తెలిసే అంటున్నారనుకున్నా. తెలిసినవాళ్ళను పదిమందిలో ఏం బయటపెడతాం."

"నాకు తెలియదు" అన్నాను.

"సరే" అన్నాడు, ఆ రోజు ఏప్రన్ మడిచినప్పటి గొంతుతో.

మెట్లు దిగుతుంటే గోడ పట్టుకోవాల్సి వచ్చింది. జడ్జిగారి రోజున కుడి ఎడమలు తారుమారు చేసింది నేనే. ఇది ఇంతవరకూ ఎక్కడా రాయలేదు.

మార్చి 30

యజమానికి చెప్పాను. నిలబడి చెప్పాను, కుర్చీలో కూర్చుని చెప్పలేకపోయాను. అతను ఈసారి బాబాయ్ అనలేదు.

"నివేదిక మీరే రాశారు కదా."

"నేనే రాశాను. ఇది కూడా నేనే రాస్తాను." డ్రైవరు డిపోకు ఉత్తరం రాసి ఇచ్చాను. అద్దాల కొలత తప్పు, కొలిచినవాడిది తప్పు, వాడి పేరు ఇదీ అని. విశేషణాలు లేవు. అయిదు లైన్లు పట్టింది. డ్రైవరు ఇరవై ఎనిమిదినే వచ్చి, నేను లేకపోతే వెళ్ళిపోయాడట. ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చాను. చదివి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"రేపు రమ్మంది మీరే కదా సార్" అన్నాడు. అంతే. కూర్చోమనలేదు.

ఫిబ్రవరి వారానివీ, మేస్త్రి వెళ్ళిన తర్వాతవీ కలిపి నలభై ఒక్క కార్డులు. ఒక్కొక్కటీ తీసి, నా అంకె కొట్టేసి, పక్కన "మళ్ళీ కొలవాలి" అని రాశాను. మొదటిదానికి చేయి రాలేదు. పదోదానికి వచ్చింది. అందరికీ ఫోన్ చేసి పిలిచాను. ఒకావిడ, "పోనీలెండి, నేను నా మెదడులోనే ఏదో ఉందని స్కాన్ తీయించుకోబోతున్నా" అని ఏడ్చింది, సంతోషంతోనట. ఒకాయన పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయను, రాయదగ్గవే.

ఓపిక అంటే ఇదే అయితే, నలభై ఒక్క ఫోన్లకు సరిపడా వచ్చింది నాకు. చెల్లెలు పక్కనే కూర్చుని పేర్లకు టిక్కు పెట్టింది, దారం చుట్టిన జోడుతో.

ఏప్రిల్ 2

మేస్త్రి తిరిగి వచ్చాడు. రాను అన్నాడట మొదట. కొలతలు కూడా తనే తీస్తానంటే వస్తానన్నాడట. యజమాని ఒప్పుకున్నాడు. నన్ను ఇంట్లో విశ్రాంతి తీసుకోమన్నాడు, చాలా మర్యాదగా, కాగితం అంటించకుండా.

అప్పుడు మేస్త్రి వెనక గదిలోంచే అన్నాడు. "ఆ పరీక్ష యంత్రం దగ్గర ఎవరు కూర్చుంటారు మరి? నేను కొలిచి, నేనే చేసి, నేనే పరీక్షిస్తే నా తప్పు ఎవరు పడతారు? ఆ గొట్టంలో చూడ్డానికి ఒక కన్నే కావాలి."

జాలి పడ్డాడని కోపం వచ్చింది. ఇంకా ఉంది. రేపటినుంచి ఆ యంత్రం ముందున్న స్టూలు మీద కూర్చుంటాను. దానికి వీపు ఆనించుకునే చెక్క లేదు.

డాక్టరు కుడి కన్ను చూశాడు. వెనక పొర పోయింది, తిరిగి రాదు. ఎడమ కంటికి పవరు మార్చాడు, కొత్త జోడు కావాలి. కాబట్టి నలభై మూడేళ్ల తర్వాత నేను ఆ కుర్చీకి ఎదుటి కుర్చీలో కూర్చున్నాను. మేస్త్రి నా కుర్చీలో. స్కేలు చల్లగా ఉంటుందని నాకు తెలియదు. ఇన్ని వేల ముక్కుల మీద పెట్టాను.

"నా ఎడమ కన్ను చూడండి" అన్నాడు. చూశాను. "ఇప్పుడు కుడి కన్ను." మార్చాడు. నెమ్మదిగా, నేర్చుకునేవాడిలా, ఒకటి మూసి ఒకటి తెరిచి.

"అరవై మూడు."

నా దూరం అరవై రెండున్నర. ఇరవై ఏళ్ల కింద కంటి ఆసుపత్రిలో యంత్రం మీద కొలిచారు, ఆ కార్డు నా దగ్గర ఉంది. ఊరుకుందామనుకున్నాను. ఊరుకోలేకపోయాను.

"ఇంకోసారి చూడు."

మేస్త్రి స్కేలు మళ్ళీ పెట్టాడు. "అరవై రెండున్నర" అన్నాడు. "ఇందాక మీరు తల కదిలించారు గురువుగారూ."

"లేదు" అన్నాను.

అతను "సరే" అని రాసుకున్నాడు.

కదిలించలేదనే ఇక్కడా రాయబోయాను. కదిలించాను. రేపు పొద్దున చెప్పాలి.